కుందేటి కొమ్ముపై 40 శాతం తగ్గింపు

మా వంటింటి అలమరాలకు ఇరవై రెండేళ్లు నిండాయి. సింకు కింద తలుపు ఊడిపోతే దాన్ని గోడకు ఆనించి రోజులు నెట్టుకొస్తున్న మాట వాస్తవమే గానీ, ఆ రహస్యాన్ని హైదరాబాదులోని మాడ్యులర్ కిచెన్ వ్యాపారులందరికీ ఎవరు చేరవేశారో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. ఆషాఢం అడుగుపెట్టిన నాటి నుంచీ ఫోన్లే ఫోన్లు. "సార్, మీకు మాత్రమే 40 శాతం తగ్గింపు, ఈ సాయంత్రం వరకే" అని ఒక తియ్యటి గొంతు విన్నవించింది. నా ఉద్యోగ జీవితం మొత్తంలో "మీకు మాత్రమే" అంటూ ప్రత్యేకంగా అందింది ఒక్క ఛార్జి మెమో. కనుక నాకు ఒళ్లు పులకరించిందని వేరే చెప్పనక్కరలేదు. ఆ సాయంత్రం దాటిపోయింది, మర్నాడు ఉదయం అదే గొంతు అదే సాయంత్రాన్ని మళ్లీ వాయిదా వేసింది. ఈ సాయంత్రానికి మన కోర్టు వాయిదాలకున్నంత ఓపిక ఉంది.

న్యాయంగా మాట్లాడాలంటే ఆషాఢపు తగ్గింపులన్నీ బూటకాలు కావు. ఆ నెలలో గృహప్రవేశాలు ఉండవు, వడ్రంగులకు పని పలచబడుతుంది, ఖాళీగా కూర్చోవడం కన్నా నాలుగు రూపాయలు వదులుకొని పని పట్టుకోవడం మేలని ఎవరైనా అనుకుంటే అందులో అర్థముంది. అటువంటి తగ్గింపు నూటికి ఐదో పదో ఉంటుంది, దానికి ఒక కారణమూ ఉంటుంది. కాని ఇదే సంస్థ సంక్రాంతికీ 40 శాతమే తగ్గించింది, ఉగాదికీ అంతే, దసరాకూ అంతే. ఏడాది పొడుగునా తగ్గే ఉండే ధర అసలు పెరిగింది ఎప్పుడన్న ప్రశ్నకు సమాధానం వేదాంతంలో తప్ప వాణిజ్య శాస్త్రంలో దొరకదు. ఎవరూ ఎన్నడూ చెల్లించని "అసలు ధర" అనేది కుందేటి కొమ్ము వంటిది. ఆ కొమ్ములో నలభై పాళ్లు కోసి మన చేతిలో పెడుతున్నారు, మనం దోసిలి పడుతున్నాము.

పిలిచాను. తప్పు నాదే. మెడలో టై కట్టుకొని వచ్చిన యువకుడు చిన్న లేజరు యంత్రంతో ఎర్రచుక్కను గోడల మీద ఆడించి కొలతలు తీసుకున్నాడు. మా మనవరాలు ఆ చుక్కను పట్టుకోవడానికి పిల్లిపిల్లలా వెంటపడింది. 110 చదరపు అడుగులని తేల్చి, అడుగుకు 2,400 చొప్పున 2,64,000 రూపాయలని రాసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద 1,58,400 అని ఎర్రసిరాతో రాశాడు. ఆ కొట్టివేతలో ఎంత త్యాగం ఉట్టిపడిందంటే, అంత సొమ్ము నా జేబులోంచి ఎవరో తీసి మళ్లీ నాకే తిరిగి ఇచ్చినంత కృతజ్ఞత కలిగింది. అయినా నోరు ఊరుకోదు కదా, కూరగాయల దగ్గర కొసరు అడిగే అలవాటు కొద్దీ "ఇంకేమైనా చూడండి బాబూ" అన్నాను.

అతని ముఖం గంభీరమైపోయింది. "మా సార్‌ను అడగాలండి, తిడతారు" అంటూ ఫోను స్పీకరులో పెట్టి భోజనాల బల్ల మీద ఉంచాడు. "సార్, కస్టమర్ మన మనిషే సార్" అని ఇతడు మొదలుపెట్టగానే అవతలి నుంచి "ఎంతకిచ్చావ్?" అని గర్జన. "నలభై సార్." "నలభయ్యా? నన్ను రోడ్డు మీద పడేద్దామనుకున్నావా?" ఆ తరువాత మూడు నిమిషాల పాటు ఆ యజమాని తన కష్టాలు ఏకరువు పెట్టాడు. ప్లైవుడ్ ధరలు మండిపోతున్నాయి, పనివాళ్లు దొరకడం లేదు, పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టాలి. మా ఆవిడ జాలిపడి, కనిపించని ఆ మనిషికి బదులుగా కనిపిస్తున్న కుర్రవాడికి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను సిగ్గుతో తల దించుకున్నాను. సరిగ్గా ఆ సమయంలో మా వీధిలోకి ఉల్లిగడ్డల ఆటో వచ్చింది. "ఉల్లిగడ్డలు, ఉల్లిగడ్డలు, వందకు నాలుగు కిలోలు" అనే రికార్డు మా కిటికీలోంచి ఒకసారి, ఫోనులోంచి ఒకసారి వినిపించింది. ఆటో దగ్గరపడేకొద్దీ రెండు గొంతులూ పెరిగాయి. బాల్కనీలోకి వెళ్లి చూద్దును కదా, వేపచెట్టు కింద ఆగి ఉన్న తెల్లకారులో ఒక పెద్దమనిషి ఫోను చెవిన పెట్టుకొని హడావిడిగా అద్దం ఎక్కిస్తున్నాడు. అద్దం పైకి వెళ్లింది, ఫోనులో ఉల్లిగడ్డలు తగ్గాయి. "సరే, మన మనిషే అంటున్నావు కాబట్టి 42 చెయ్యి" అని తీర్పు వెలువడింది.

ఆ 42 శాతం తరువాత తేలిన ధర 1,53,120 రూపాయలు. మా అపార్టుమెంటులో అలమరాలు చేసిన వడ్రంగి మేస్త్రిని పిలిచి చూపిస్తే, చెవి మీది పెన్సిలు తీసి ఒక సన్మైకా ముక్క వెనుక నాలుగు అంకెలు వేసి, చెక్క, సామాను మీరే బిల్లు మీద కొనుక్కోండి, నా కూలితో కలిపి 1,48,500 అవుతుంది అన్నాడు. తగ్గింపు ఏమీ లేదా అని అడిగితే "దేంట్లోంచి తగ్గించాలె సార్?" అని నన్నే అడిగాడు. అంటే నాకు మాత్రమే లభించిన ఆ అపూర్వమైన తగ్గింపు ఖరీదు 4,620 రూపాయలన్నమాట. ఆ సంస్థ చెప్పిన ధర పైన జీఎస్టీ 18 శాతం, అనగా 27,561 రూపాయల 60 పైసలు. చిమ్నీ, పొయ్యి, బుట్టలు, గ్రానైటు ఈ లెక్కలోకి రావని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది.

నమూనాగా ఇచ్చిపోయిన చెక్కముక్క గురించి కూడా చెప్పాలి. దాని మీద "మెరైన్" అని బంగారు రంగు స్టిక్కరు ఉంది. మెరైన్ ప్లైవుడ్‌కు, అంటే నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు, మన దేశంలో ఐఎస్ 710 అని ఒక ప్రమాణం ఉన్నది. 72 గంటల పాటు నీళ్లలో ఉడికించినా పొరలు విడిపోకూడదన్నది అందులోని పరీక్ష. ఐఎస్‌ఐ ముద్ర, లైసెన్సు నంబరు చెక్క మీద ఉంటే భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు గానీ, ఈ ముక్క మీద స్టిక్కరు తప్ప మరేమీ లేదు. మా ఆవిడ దాన్ని పాత కుక్కరులో వేసి పొయ్యి మీద పెట్టింది. 72 గంటల మాట దేవుడెరుగు, పక్క పొయ్యి మీద కందిపప్పు ఉడికేలోగానే అది పూతరేకులా పొరలు పొరలుగా విచ్చుకొని పైకి తేలింది. స్టిక్కరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. "బిల్లు వద్దంటే ఆ జీఎస్టీ కూడా తగ్గించేస్తామండీ" అని ఆ కుర్రవాడు గొంతు తగ్గించి చెప్పినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. వరంగల్‌లో మా పిన్ని ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. గ్రాట్యుటీ డబ్బులతో జీవితంలో మొదటిసారి తనకంటూ ఒక మంచి వంటిల్లు కట్టించుకోవాలనుకొని, ఇలాగే బిల్లు లేని తగ్గింపు తీసుకుంది. ఒక్క వానాకాలం గడిచేసరికి సింకు కింది పెట్టెలు ఉబ్బి, తలుపులు మూతపడక, అరలు వంగి గిన్నెలు జారిపడ్డాయి. పదేళ్ల గ్యారంటీ ఏమైందని ఫోను చేస్తే వాడు అడిగిన మాట ఇది: "మేమే చేశామని కాగితం ఉందా అమ్మా?" కాగితం లేకుండా చేసింది నువ్వు కాదట్రా! అదేదో ఆమెకు చేస్తున్న ఉపకారమైనట్టు చెవిలో చెప్పి, డబ్బు నోట్ల రూపంలో లెక్కపెట్టుకొని, చివరికి ఆ కాగితం లేదన్న నేరాన్ని కూడా ఆమె నెత్తినే రుద్దావు. ఆమె ఇప్పుడు ఆ పెట్టెల కింద ఇటుకలు పెట్టుకొని వంట చేసుకుంటోంది. వాళ్లు తగ్గించింది పన్ను కాదు, ఆమె నోరు. రేపు ఎక్కడా నోరెత్తి అడగకుండా ఉండటానికి ఈ రోజు 18 శాతం ఇచ్చి కొనుక్కుంటున్నారు.

చట్టానికి ఇదంతా తెలియదనుకోవద్దు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. మామూలు ధర ఎంతన్న విషయంలో జనాన్ని తప్పుదారి పట్టించడం, ఇచ్చే ఉద్దేశం లేని చవక ధరను ప్రకటించడం కూడా అందులోనే ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ కూడా బిల్లు ఉందా అన్న ప్రశ్న రావచ్చు.

కనుక నేను తెల్లకారు వారికి నమస్కారం పెట్టి, పని మేస్త్రికి అప్పగించాను. చెక్క కొన్నాను, బిల్లు బీరువాలో భద్రంగా ఉంది, హాలులో నిలబెట్టిన పలకల చుట్టూ మా మనవరాలు దాగుడుమూతలు ఆడుతోంది. మేస్త్రి మాత్రం బోనాలు కాగానే వస్తానని మాటిచ్చి వెళ్లాడు. గోల్కొండ బోనాలు అయ్యాయి, లష్కర్ బోనాలు అయ్యాయి, లాల్‌దర్వాజా బోనాలు కూడా అయ్యాయి. ఏ బోనాలో అడిగి ఉండవలసింది.