ఎటపాక నుంచి పాడేరు ఎంత దూరం?

ఎటపాక మండలంలో ఒక రైతు పట్టాలో పేరు తప్పు పడిందనుకుందాం. మండలంలో, డివిజన్‌లో పని కాకపోతే మొన్నమొన్నటి దాకా అతనికి మిగిలిన దారి పాడేరు కలెక్టరేటే. చింతూరు, మోతుగూడెం, సీలేరు, చింతపల్లి మీదుగా రెండు వందల కిలోమీటర్లకు మించిన ప్రయాణం. దారి పొడవునా అడవి, ఘాట్ రోడ్డు, మళ్లీ అడవి. తెల్లారి బయల్దేరినా ఆఫీసు వేళకు చేరడం కష్టం. రాత్రి తలదాచుకోవడానికి చోటు వెతుక్కోవాలి, రెండు రోజుల కూలి వదులుకోవాలి. మర్నాడు సంబంధిత అధికారి క్యాంపులో ఉన్నారని తెలిస్తే వచ్చిన దారినే వెనక్కి పోవాలి. అదే రైతు ఇంటి ముంగిట ఉన్న పట్నం భద్రాచలం. జ్వరం వచ్చినా, ఎరువు బస్తా కావాలన్నా వెళ్లేది అక్కడికే. కానీ అది పక్క రాష్ట్రం.

2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు మన్యానికి సొంత జిల్లా వచ్చిందని అందరం సంతోషించాం. ఆ సంతోషంలో న్యాయం ఉంది. విశాఖ, తూర్పు గోదావరి జిల్లాల అంచున దశాబ్దాల పాటు మిగిలిపోయిన ఏజెన్సీకి తనదంటూ ఒక కలెక్టరేట్ దక్కింది. అయితే అప్పట్లో దాని విస్తీర్ణం 12,251 చదరపు కిలోమీటర్లు. జనాభా 2011 లెక్కల ప్రకారం 9.54 లక్షలు. అంటే చదరపు కిలోమీటరుకు సుమారు 78 మంది. రాష్ట్ర సగటు మూడు వందలు దాటిన రోజుల్లో ఇదీ ఇక్కడి లెక్క. ప్రతి పది మందిలో ఎనిమిది మందికి పైగా గిరిజనులే. జిల్లా మొత్తం మీద ఒక్క మున్సిపాలిటీ లేదు. జిల్లా కేంద్రమైన పాడేరు కూడా పంచాయతీయే.

2025 ముగుస్తుండగా ఈ జిల్లాను రెండు చేశారు. రంపచోడవరం, చింతూరు డివిజన్లతో, రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా వచ్చింది. పాడేరు వైపు పదకొండు మండలాలు అల్లూరి జిల్లాగా మిగిలాయి. ఈ నిర్ణయాన్ని మా పత్రిక స్వాగతిస్తోంది. తెలంగాణ నుంచి వచ్చి చేరిన ఎటపాక లాంటి విలీన మండలాల ప్రజలకు ఇది ఎప్పుడో జరగాల్సిన మేలు. కానీ కలెక్టరేట్ దగ్గరైనంత మాత్రాన ప్రభుత్వం దగ్గరైనట్టేనని ఎవరైనా అనుకుంటే, వారు ఒకసారి వర్షాకాలంలో పెదబయలు, ముంచింగిపుట్టు, వై.రామవరం కొండల్లోకి వెళ్లి రావాలి.

మైదానంలో దూరం కిలోమీటర్లలో చెబుతారు. కొండ మీద అడిగితే గంటల్లో చెబుతారు. రోడ్డు దాకా రెండు గంటలు, గెడ్డ (కొండవాగు) పొంగితే రేపటికే. తూర్పు కనుమల్లో 1,600 మీటర్లు దాటిన శిఖరాలున్న ప్రాంతం ఇది. ఒక లోయ నుంచి పక్క లోయకు చూపు మేరలోనే ఊరు కనిపిస్తుంది. కానీ వెళ్లాలంటే ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కాలి. నిండు గర్భిణికి నొప్పులు మొదలైతే ఈ దారిలో వాహనం ఉండదు, డోలీ ఉంటుంది. ఒక పొడవాటి కర్ర, దానికి రెండు కొసల ముడివేసిన దుప్పటి. ముందొకరు, వెనకొకరు. రాళ్ల మీద కాలు జారకుండా, కర్ర ఊగకుండా, ఇద్దరి అడుగూ ఒకటిగా పడాలి. భుజం కాయ కాసేదాకా మోసి, పక్కనున్నవాళ్లకు మార్చి, మళ్లీ అందుకుంటారు. వెంట నడిచే ఆడవాళ్ల చేతుల్లో నీళ్ల సీసా, పాత చీరలు. అంబులెన్స్ వచ్చి ఆగేది తారు రోడ్డు మీద. ఆ తారు రోడ్డు దాకానే మన వైద్య వ్యవస్థ. దానికి ఇవతల ఉన్నదంతా ఆ ఊరి మగవాళ్ల భుజబలం.

పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2024లో 50 సీట్లతో మొదలైంది. ఇది చిన్న విషయం కాదు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడు నుంచి ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ‘అడవితల్లి బాట’ మొదలుపెట్టారు. గిరిజన ఆవాసాలకు వెయ్యి కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో రోడ్లు వేస్తామన్నారు. ఆ మాట నిలబడాలని మనసారా కోరుకుంటున్నాం. ఒకటే విన్నపం. మన్యంలో రోడ్డు వేయడం కంటే నిలబెట్టడం కష్టం. కొండవాలు మీద వేసిన మట్టి రోడ్డు రెండు వానలకు కొట్టుకుపోతుంది. కల్వర్టు లేని రోడ్డు గెడ్డ దగ్గర ఆగిపోతుంది. శంకుస్థాపన ఫలకాలను లెక్కపెట్టకుండా, రెండు వర్షాకాలాల తర్వాత కూడా అంబులెన్స్ వెళ్లగలిగిన ఊళ్లను లెక్కపెట్టాలి.

ఇక్కడి జనాభాను ‘గిరిజనులు’ అనే ఒక్క మాటతో ముగించేస్తాం. కానీ భగత, కొండదొర, వాల్మీకి, కోయ, కొండరెడ్డి, కోందు, పోర్జ, గదబ, కోటియా... ఒక్కొక్కరిదీ ఒక్కో చరిత్ర. కొందరి ఇళ్లలో తెలుగు, కొందరి ఇళ్లలో కోయ, మరికొందరి ఇళ్లలో కువి, ఇంకొందరికి ఒడియా యాస. బడిలో మాత్రం అందరికీ తెలుగు పుస్తకమే. అయిదేళ్ల పిల్ల మొదటి రోజు బడికొచ్చి టీచర్ మాట అర్థంకాక దిక్కులు చూస్తుంది. ఆ పిల్ల భాష తెలిసిన మనిషి టీచరుగా ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పాలా? 2000లో వచ్చిన మూడో నంబరు జీవో ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్న తీర్పును గౌరవిస్తూనే, దానికి లోబడి స్థానిక యువతకు న్యాయం చేసే దారిని ప్రభుత్వాలు వెతకాల్సింది. ఏళ్లు గడిచాయి. ప్రభుత్వం మారింది. మన్యం యువత రోడ్డెక్కి బంద్ చేయాల్సి వచ్చింది. చదువుకుని, ఇంటర్, డిగ్రీ, డీఎడ్ పూర్తి చేసి, సొంత ఊరి బడిలో పాఠం చెప్పే అవకాశం కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు ఏ పార్టీ అయినా సూటిగా జవాబు చెప్పాలి.

రాజకీయం సంగతికి వద్దాం. 2024 ఎన్నికల్లో రాష్ట్రమంతా ఒకవైపు గాలి వీచింది. వైఎస్సార్‌సీపీకి 175 స్థానాల్లో దక్కినవి పదకొండే. ఆ పదకొండులో రెండు పాడేరు, అరకు. అరకు లోక్‌సభ స్థానం కూడా ఆ పార్టీకే. రంపచోడవరం మాత్రం తెలుగుదేశానికి వెళ్లింది. కొత్త గీత గీశాక ఒక జిల్లాలో అధికార పక్షం ఎమ్మెల్యే, మరో జిల్లాలో ఇద్దరూ ప్రతిపక్షం వారే. నిధులు, సిబ్బంది, భవనాల విషయంలో ఈ తేడా ఏమాత్రం కనిపించినా అది మన్యానికి ద్రోహం. పైగా అరకు ఎంపీ నియోజకవర్గం శ్రీకాకుళం సరిహద్దు దగ్గరి పాలకొండ నుంచి భద్రాచలం పక్కన ఎటపాక దాకా సాగుతుంది. ఒక మనిషి ఇంత కొండ తిరిగి ప్రజల గోడు వినడం ఎలా సాధ్యం? నియోజకవర్గాల పునర్విభజన వేళ జనసంఖ్య ఒక్కటే కొలమానం అయితే కొండ ప్రాంతాలు ఇంకా నష్టపోతాయి. దీనిపై రాష్ట్ర పార్టీలు ఇప్పటినుంచే గొంతెత్తాలి.

ఓట్ల కంటే లోతైన రాజకీయం ఒకటి ఇక్కడ ఉంది, అది భూమిది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి దళం దాడి చేసిందంటే, దాని వెనక పోడు మీద, అడవి మీద పెట్టిన ఆంక్షలున్నాయి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం, అనంతగిరి గనుల తగాదా నుంచి పుట్టి, ఏజెన్సీ భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదన్న 1997 నాటి సమత తీర్పు, గ్రామసభకు అధికారాలిచ్చిన పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం అన్నీ ఆ దారిలో వచ్చినవే. 2015లో జెర్రెల బాక్సైట్ కోసం 97వ నంబరు జీవో ఇస్తే మన్యం ఏకమై ఆపింది. 2019లో ఆ లీజు రద్దయింది. ఇప్పుడు నీటిని కొండపైకి ఎత్తి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు వస్తున్నాయి. కరెంటు అవసరం మాకూ తెలుసు. అయినా గ్రామసభ ముందు పెట్టకుండా సర్వే రాళ్లు పాతితే అది చట్టాన్ని కాలరాయడమే.

కొత్త జిల్లా పేరు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేం. పోలవరం ఊరు ఏలూరు జిల్లాలోనే ఉంది. ఆ ప్రాజెక్టు నీళ్లలో మునిగే ఊళ్లకు ఆ పేరు పెట్టాం. 2014లో తెలంగాణ నుంచి వచ్చి చేరిన కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, ఎటపాక ప్రజలు ఆ పేరును రోజూ అన్ని కాగితాల మీద రాసుకోవాలి. ప్రాజెక్టు నిర్వాసితులు సుమారు లక్ష కుటుంబాలు. ప్రాజెక్టులో నీళ్లు నిలిపే ఎత్తును బట్టి పునరావాసాన్ని 41.15 మీటర్ల కాంటూరు, 45.72 మీటర్ల కాంటూరు అని రెండు దశలు చేశారు. గోదావరికి ఈ దశలు తెలియవు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు తొలి దశ జాబితాలో లేని ఇళ్లలోకీ నీళ్లొచ్చాయి. కూనవరంలో శబరి, గోదావరి కలిసేచోట నిలబడిన కుటుంబాన్ని నువ్వు ఏ కాంటూరులో ఉన్నావని అడగడం మానేసి, పరిహారం మొత్తం ఒకేసారి ఇచ్చి, భూమికి భూమి చూపించి తరలించాలి. కొత్త కలెక్టరు బల్ల మీద పడాల్సిన మొదటి ఫైలు ఇదేనని మా అభిప్రాయం.

మన్యంలో ప్రభుత్వం ఇన్నాళ్లూ చెప్పిన ఒక సాకు ఉంది. మావోయిస్టుల భయంతో కాంట్రాక్టర్లు రారు, సిబ్బంది ఉండరు అని. ఆ భయం ఊహ కాదు. 2018 సెప్టెంబరులో లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను కాల్చి చంపిన రోజు మరచిపోలేం. కానీ 2025 నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో మావోయిస్టు అగ్రనేత హిడ్మా మరణం తర్వాత ఆ సాకు బరువు బాగా తగ్గింది. ఇక పోలీసు క్యాంపు వెళ్లగలిగిన చోటికి ఏఎన్‌ఎం ఎందుకు వెళ్లలేదో అధికారులు చెప్పాలి.

ఇప్పుడు చేయాల్సింది పెద్ద చిట్టా ఏమీ కాదు. రెండు జిల్లాల్లోనూ ఖాళీ పోస్టులు నింపి, కొండ మీద పనిచేసేవారికి అక్కడే ఉండేందుకు ఇళ్లు కట్టివ్వాలి. తహసీల్దారు స్థాయిలో తేలే పని కోసం ఎవరినీ కలెక్టరేట్‌కు రప్పించకూడదు. సంత రోజున జనం తామే కిందికి దిగుతారు. చింతపండు, రాజ్‌మా, మిరియాలు, కాఫీ గింజలు నెత్తిన పెట్టుకుని వచ్చి, సాయంత్రానికి ఉప్పు, నూనె, బట్టలతో తిరిగి కొండెక్కుతారు. ఆ ఒక్క పూట సంత దగ్గరే ఆధార్, జనన ధ్రువీకరణ, రేషన్ కార్డు పనులు చూసే బల్ల వేస్తే వారికి ఇంకో ప్రయాణం తప్పుతుంది.

జనగణన సిబ్బంది కొండెక్కే సమయం వస్తోంది. పదిహేనేళ్ల కిందటి లెక్కలతోనే ఇప్పటికీ జిల్లాలు విడగొడుతున్నాం, నిధులు పంచుతున్నాం. రెవెన్యూ గ్రామం పేరుతో అయిదారు గూడేలను ఒక్క అంకెలో కలిపేసే అలవాటును ఈసారి మానాలి. ప్రతి గూడేన్నీ దాని పేరుతో రాయాలి. ఎన్ని ఇళ్లో, ఎందరు పిల్లలో, ఏ భాష మాట్లాడతారో రాయాలి. దాని పక్కనే రెండు జిల్లాల కలెక్టర్లూ తమ రికార్డులో మరో గడి చేర్చుకోవాలి: ఈ గూడెం నుంచి అంబులెన్స్ ఆగే చోటికి నడక ఎన్ని గంటలు.