ఈసారి నిజంగానే మద్దెల ఓడు

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత పుణ్యమా అని మన దగ్గర మద్దెలకు శాశ్వత రక్షణ దొరికింది. తప్పెప్పుడూ ఆడేవాళ్లదే. కంప్యూటర్ల విషయంలోనూ ఇదే న్యాయం నడుస్తోంది. గేమ్ ఉన్నట్టుండి బిగుసుకుపోయి, మళ్లీ కదిలి, మళ్లీ బిగుసుకుపోతుంటే గ్రాఫిక్స్ కార్డును తిడతాం, ర్యామ్‌ను తిడతాం, నెట్‌తో పనిలేని గేమ్‌కి కూడా నెట్‌ను తిడతాం. అసలు దోషి సౌండ్ పరికరమే కావచ్చు, దాన్ని మాత్రం పల్లెత్తు మాట అనం. దీని మీద ప్రభుత్వం విచారణ సంఘం వేసేలోపు కొన్ని సాక్ష్యాలు నమోదు చేయడం నా బాధ్యత.

నిందితురాలైన సౌండ్ కార్డుకి పాత చరిత్ర ఉంది. 1990లలో ఏ పరికరమైనా ప్రాసెసర్‌ను పిలవాలంటే ఐఆర్‌క్యూ అనే నంబరు ఉండాలి. ఉన్నవి మొత్తం 16. కీబోర్డు, డిస్కు, మౌస్ తలా ఒకటి పట్టుకుపోయాక సౌండ్ బ్లాస్టర్ కార్డు వచ్చి 5 గానీ 7 గానీ ఇమ్మనేది. 7 అప్పటికే ప్రింటర్ పోర్టుది. పంచాయితీ తెగకపోతే గేమ్‌లో ఒకసారి పేల్చిన తుపాకీ చప్పుడు ఆగకుండా మోగుతూనే ఉండేది, తెర మీది బొమ్మ మాత్రం ఎక్కడిదక్కడ నిలబడిపోయేది. కార్డు బయటికి లాగి, దాని మీది జంపర్లు అనే బుల్లి పిన్ను తొడుగులు మార్చి, కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ఆటోఎక్సెక్ ఫైల్లో ‘సెట్ బ్లాస్టర్=ఎ220 ఐ5 డి1’ అని రాయడం తెలిసినవాడికే ఆట. తెలియనివాడు సాలిటేర్‌తో సరిపెట్టుకునేవాడు. 1995లో విండోస్ 95 ప్లగ్ అండ్ ప్లే తెచ్చింది, అంటే తగిలిస్తే చాలు పనిచేస్తుందని మాట. జనం దాన్ని ప్లగ్ అండ్ ప్రే అన్నారు, తగిలించాక దండం కూడా పెట్టాల్సి వచ్చేది గనుక.

ఇప్పుడు నంబర్లకు కరువు లేదు. కరువు తీరగానే సౌండ్ పరికరాల సంతానం పెరిగింది. మదర్‌బోర్డు మీద ఒకటి. మానిటర్‌కి బొమ్మతో పాటు చప్పుడునూ మోసే హెచ్‌డీఎంఐ వైరు కోసమని గ్రాఫిక్స్ కార్డులో ఒకటి. యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో ఒకటి, వెబ్‌క్యామ్ మైకుకి ఒకటి. ప్లేస్టేషన్ కంట్రోలర్‌కి వైరు తగిలిస్తే అది కూడా నేనూ సౌండ్ కార్డునే అంటూ పేరు రాయించుకుంటుంది. కాల్‌లో మన గొంతు శుభ్రం చేసి పెడతామనే సాఫ్ట్‌వేర్లు పుట్టించే పరికరాలైతే ఒంటి మీద ఒక్క స్క్రూ కూడా లేకుండానే జాబితాకెక్కుతాయి. వినేవాడికి ఉన్నవి రెండే చెవులు.

వీటన్నిటికీ డ్రైవర్లు, అంటే పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాములు కావాలి. డ్రైవర్ పిలిస్తే విండోస్ గేమ్‌ను పక్కన కూర్చోబెట్టి ముందు దాని పని చూస్తుంది. డీపీసీ (డిఫర్డ్ ప్రొసీజర్ కాల్) అంటారు దాన్ని. మర్యాద తెలిసిన డ్రైవర్ కనురెప్ప కొట్టే లోపే పని ముగించుకుని పోతుంది. తెలియనిది కబుర్లు మొదలుపెడుతుంది. తెర మీద సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు, అందులో నాలుగైదు కబుర్లకు పోతే ఆ ఫ్రేము గోవిందా. తెర మీద కారు ఉన్నచోటి నుంచి మాయమై పది గజాల అవతల తేలుతుంది, అదే క్షణంలో చెవిలో టప్‌మంటుంది. బొమ్మా చప్పుడూ కలిసి తడబడటం గట్టి ఆధారమే గానీ, తీర్పుకు అదొక్కటే చాలదు. 2022లో ప్రాసెసర్లు చేసే ఏఎండీ సంస్థ స్వయంగా ఒప్పుకున్నట్టు, దాని రైజెన్ ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లలో భద్రత కోసం పెట్టిన ఎఫ్‌టీపీఎం అనే ఏర్పాటు కూడా ఆటను ఇలాగే తడబడేలా చేసింది. అందుకే ముందు లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం కాసేపు నడిపిస్తే మంచిది. ఏ డ్రైవర్ ఎంతసేపు తిష్ట వేసిందో ఫైలు పేరుతో సహా బయటపెడుతుంది. ఇంట్లో వాడుకోవడానికి ఉచితం.

ఇక వైద్యం సంగతి చెప్పాలంటే సిగ్గేస్తోంది. డివైస్ మేనేజర్ తెరిచి, వాడని సౌండ్ పరికరాల మీద రైట్‌క్లిక్ కొట్టి, డిజేబుల్ అనడమే. మానిటర్‌కి స్పీకర్లే లేనప్పుడు దానికి హెచ్‌డీఎంఐ సౌండ్ ఎందుకు? వాడే ఒక్కదానికి చప్పుడుకు మెరుగులు దిద్దే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ తీసేసి, మదర్‌బోర్డు కంపెనీ సైటు నుంచి సరైన డ్రైవర్ వేసుకోవాలి. ఖర్చు సున్నా.

చిక్కంతా ఆ సున్నాతోనే. ఫీజు తీసుకోని డాక్టరును మనం నమ్మం. నలభై వేలు పోసి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నవాడికి మాత్రం వైద్యం జరిగిందన్న తృప్తి ఉంటుంది. పాత కార్డు పోతూ పోతూ తన సౌండ్ పరికరాన్ని వెంట తీసుకుపోతుంది. కొత్త కార్డు ఆ ఖాళీని అదే రోజు భర్తీ చేస్తుంది. మన ప్రభుత్వ శాఖల్లో ఏ పోస్టూ ఇంత త్వరగా నిండదు. తడబాటు అలాగే ఉంటుంది, కాకపోతే నీడలూ నీటి మీద మెరుపులూ మరింత స్పష్టంగా తడబడతాయి.

కాబట్టి పరిశ్రమకు నా ప్రతిపాదన. డిజేబుల్ అన్న ఆ ఒక్క క్లిక్కును నల్ల పెట్టెలో పెట్టి, ‘గేమింగ్ ఎడిషన్’ అని స్టిక్కర్ అంటించి, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో రూ.12,999కి అమ్మాలి. జీఎస్టీ అదనం. లోపల రైట్‌క్లిక్ ఎక్కడ కొట్టాలో చెప్పే కాగితం, ఒక వారంటీ కార్డు, చుట్టూ ఏడు రంగుల లైట్లు ఉంటే చాలు. లైట్లు వెలగాలంటే మాత్రం దానికీ ఒక డ్రైవర్ వేసుకోవాలి.