మందు మాటకు పత్రిక వార్త చాలదు

శ్రీకాకుళం జిల్లా పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మొదలైంది. తెలుగు వికీపీడియాలో ఈ సంగతి రాసేవారు ఏదో ఒక దినపత్రిక వార్తను మూలంగా చూపితే సరిపోతుంది. ఎప్పుడు తెరిచారు, ఎవరు తెరిచారు అన్నవి విలేకరి అక్కడ నిలబడి చూసి రాసే విషయాలు. అదే పేజీలో రెండు పేరాల కింద ‘ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ’ అని రాసి, దానికీ పత్రిక వార్తనే మూలంగా పెడితే మాత్రం ఒప్పుకోకూడదు. ఆ వార్త మా పత్రికలో వచ్చినదైనా సరే.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వంటి ఉద్దానం మండలాల్లో షుగర్, బీపీ లేనివాళ్లకూ కిడ్నీలు పాడవుతున్నాయి. ఎందుకన్నది రెండు దశాబ్దాలకు పైగా వెతుకుతున్నారు. నీళ్లలో సిలికా, పురుగుమందులు, ఎండలో పనిచేస్తూ సరిపడా నీళ్లు తాగకపోవడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం... ఇలా అన్నిటి మీదా అనుమానం ఉంది. ఇదొక్కటే కారణమని నేటికీ తేలలేదు. అయినా కొత్త పరిశోధన వచ్చినప్పుడల్లా గుట్టు వీడిపోయిందన్నట్టు శీర్షిక పెట్టే అలవాటు మా వృత్తిలో ఉంది. అది తప్పు.

పరిశోధకులు ‘కారణం కావచ్చు’ అని రాస్తారు. శీర్షికలో చోటు చాలక ఆ ‘వచ్చు’ ఎగిరిపోతుంది. మర్నాడు ఎవరో మంచి మనసుతోనే ఆ వార్త చదివి వికీపీడియాలో ‘కారణం’ అని రాస్తారు. అక్కడి నుంచి అది వాట్సాప్‌కు, స్కూలు ప్రాజెక్టులకు, ఇప్పుడు ఏఐ చెప్పే జవాబులకూ పాకుతుంది. ఎక్కడ మొదలైందో ఎవరికీ గుర్తుండదు. నీళ్లే కారణమని చదివి, బోరు నీళ్లు మానేశాను కదా అని ధైర్యంగా ఉన్న రైతు ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని వేసుకుంటూనే ఉంటాడు. అలాంటి మాత్రలు ఎక్కువ కాలం వాడితే కిడ్నీలు దెబ్బతింటాయన్నది వైద్యులకు బాగా తెలిసిన విషయం. ఒక్క ‘వచ్చు’ పోయినందుకు నష్టపోయేది అతనే.

మరి ఏ మూలాన్ని నమ్మాలి? ఒక్క అధ్యయనాన్ని పట్టుకుని రాయవద్దని ఇంగ్లీషు వికీపీడియా వైద్య నియమాలు గట్టిగానే చెబుతాయి. ఒకే విషయం మీద జరిగిన చాలా అధ్యయనాలను పక్కపక్కన పెట్టి తూచిన సమీక్షలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లాంటి సంస్థల మార్గదర్శకాలు, వైద్య విద్యార్థులు చదివే ప్రామాణిక పుస్తకాలు వాడాలంటాయి. అవి కూడా వీలైతే గత ఐదేళ్లలోపువి. కాక్రేన్ సంస్థ 1993 నుంచి చేస్తున్నది ఇలాంటి సమీక్షలే. తిండి గురించి రాసేవారికైతే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు ఉన్నాయి.

పరిశోధన వ్యాసాలు అచ్చువేసే జర్నల్ పేరు పెద్దదైతే చాలదా అని అడగవచ్చు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందేమోనన్న అనుమానం రేపిన వ్యాసం 1998లో పేరున్న వైద్య జర్నల్ లాన్సెట్‌లోనే వచ్చింది. చూసింది 12 మంది పిల్లలను. లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకునేసరికి 2010 వచ్చింది. ఈలోగా ఎందరో తల్లిదండ్రులు భయపడి పిల్లలకు టీకా వేయించడం మానేశారు.

జర్నల్ అన్న పేరు పెట్టుకున్న ప్రతిదీ జర్నల్ కాదన్నది మన ఊరి అనుభవమే. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒమిక్స్ సంస్థ సరైన నిపుణుల పరిశీలన లేకుండానే ఉందని చెప్పుకుందని, ఫీజుల సంగతి దాచిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. డబ్బు కడితే చాలు, సరైన పరిశీలన లేకుండానే అచ్చయ్యే చోట వచ్చిన వ్యాసం ఎంత శాస్త్రీయంగా కనిపించినా మూలంగా పనికిరాదు.

తెలుగులో ఇలాంటి మూలాలు దొరకవు కదా అన్నది వికీపీడియన్ల కష్టం. నిజమే. అయితే తెలుగు వ్యాసానికి మూలం తెలుగులోనే ఉండాలన్న నిబంధన లేదు. ఇంగ్లీషు సమీక్షను చదివి, అది చెప్పినంతే తెలుగులో రాయవచ్చు. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో ఇచ్చే చేప ప్రసాదం ఆనవాయితీ గురించి పత్రికల ఆధారంగా ఎంతైనా రాయండి. దానితో ఆస్తమా నయమవుతుందన్న వాక్యం దగ్గర మాత్రం ఆగి, సమీక్ష ఉందా అని వెతకండి. అనుమానం వస్తే తెలుగు వికీపీడియా చర్చావేదిక అయిన రచ్చబండలో అడగండి. అక్కడ జవాబు చెప్పడానికి మన వైద్య కళాశాలల డాక్టర్లు వారానికి ఒక గంట కేటాయించాలని మా విన్నపం. రోజూ తెలుగులో రోగులతో మాట్లాడేది వాళ్లే కదా! ప్రభుత్వాలు కూడా తమ చికిత్స మార్గదర్శకాలను తెలుగులో పెడితే సగం పని తేలికవుతుంది.

మా పని మేమూ చేస్తాం. ఇకపై ఆరోగ్య వార్త రాసేటప్పుడు ఆ పరిశోధన ఎలుకల మీద జరిగిందో మనుషుల మీద జరిగిందో, ఎంతమంది మీదో, ఏ జర్నల్‌లో వచ్చిందో తప్పక చెబుతాం. ‘వచ్చు’ అన్నచోట ‘వచ్చు’ అనే రాస్తాం. ఉద్దానం పేజీలో ‘కారణం ఇంకా తేలలేదు’ అన్న వాక్యాన్ని ఎవరైనా తీసేసి కొత్త కారణం రాస్తే, కింద ఇచ్చిన మూలం తెరిచి చూడండి. అది మా వార్తే అయితే అక్కడ ఆగకుండా, అందులో చెప్పిన పరిశోధన దాకా వెళ్లండి.