సవరణ: మెదడు కణితిని వెలిగించే మందు గురించి

మెదడు కణితుల శస్త్రచికిత్సపై గత వారం నేను రాసిన వ్యాసంలో, ఫైవ్-ఏఎల్ఏ అనే మందును నరంలోకి ఎక్కిస్తారనీ, దానితో కణితి అంతా వెలిగి పూర్తిగా తీసివేయడానికి వీలవుతుందనీ పేర్కొన్నాను. ఈ రెండూ తప్పే. అన్నగారి ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న అరిలోవ పాఠకురాలొకరు ఆ వాక్యాన్నే నమ్ముకున్నారని తెలిసి ఎంతో బాధపడ్డాను, ఆమెకు క్షమాపణలు.

ఆ మందును నీటిలో కలిపి, మత్తు ఇవ్వడానికి సుమారు 3 గంటల ముందు తాగిస్తారు. కణితి కణాలు దానిని ప్రోటోపోర్ఫిరిన్ అనే వెలిగే పదార్థంగా మార్చి నిల్వ చేసుకోవడం వల్ల, మైక్రోస్కోపు నీలికాంతిలో అవి ఎరుపు-గులాబీ రంగులో కనిపిస్తాయి. అయితే ఇది ప్రధానంగా గ్లియోబ్లాస్టోమా వంటి తీవ్రమైన గ్లియోమాలకే, అంటే మెదడులోని ఆధార కణాల నుంచి పుట్టే కణితులకే, ఉపయోగపడుతుంది. నెమ్మదిగా పెరిగేవి చాలావరకు వెలగవు. తీవ్రమైన వాటిలోనూ అంచుల్లో పలచగా చొరబడిన కణాలు కంటికి అందకపోవచ్చు. వెలిగిన చోటల్లా కోయడమూ కుదరదు, ఎందుకంటే మాటనో చేతి కదలికనో నడిపే భాగం అక్కడే ఉంటే సర్జన్ ఆగవలసిందే. 2006లో వెలువడిన జర్మనీ అధ్యయనంలో, ఎంఆర్ఐలో మెరిసే కణితి భాగాన్ని పూర్తిగా తీయగలిగింది ఈ మందుతో 65 శాతం మందిలో, మామూలు కాంతిలో 36 శాతం మందిలో. ఇది గొప్ప మెరుగుదలే కానీ, నేను రాసినంత కాదు.

విశాఖలో బాల్యం గడిపిన సి.వి. రామన్ పేరు మీదున్న పరిక్షేపంతో (కాంతి చెదిరే తీరుతో) పనిచేసే స్కానింగ్ పద్ధతి, రంగు అద్దకుండానే కణితి నుంచి తీసిన తాజా ముక్కను నిమిషాల్లో చూపుతుందని అదే వ్యాసంలో రాసిన మాట సరైనదే. తుది నిర్ధారణ మాత్రం కణజాలాన్ని పరీక్షించే వైద్యుడైన పాథాలజిస్టుదే.