ఫుట్‌బాల్ నీడ దాటిన దాయాదుల పోరు

అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందిన ఆబర్న్, అలబామా విశ్వవిద్యాలయాల వైరం అనగానే అమెరికన్ ఫుట్‌బాలే గుర్తుకొస్తుంది. ఏటా ఈ రెండూ తలపడే ఫుట్‌బాల్ పోరు ఐరన్ బౌల్ గురించి గానీ, 2010లో ఓటమి కసితో ఆబర్న్‌లోని ఓక్ చెట్లకు విషం పోసిన అలబామా అభిమాని గురించి గానీ మళ్లీ చెప్పనక్కరలేదు. ఈ రెండూ ఆడే విశ్వవిద్యాలయాల లీగ్ ఎస్‌ఈసీలో ఇప్పుడు చూసితీరాల్సిన పోరు మాత్రం బాస్కెట్‌బాల్ కోర్టులో జరుగుతోంది.

2025 ఫిబ్రవరి 15న అలబామా సొంతూరు టస్కలూసాలో ఒకటో ర్యాంకు ఆబర్న్, రెండో ర్యాంకు అలబామా తలపడ్డాయి. ఎస్‌ఈసీ చరిత్రలో మొదటి రెండు ర్యాంకుల జట్లు ఎదురుపడటం అదే తొలిసారి. ఆబర్న్ ఆటగాడు జానీ బ్రూమ్ 19 పాయింట్లు, 14 రీబౌండ్లతో విరుచుకుపడగా ఆబర్న్ 94-85తో నెగ్గింది. మార్చి 8న అలబామా బదులు తీర్చుకుంది, అదీ ఆబర్న్ సొంత గడ్డపై. లీగ్ టైటిల్ అప్పటికే ఆబర్న్‌కు ఖాయమైపోయింది. పరువు తప్ప పోయేదేమీ లేని ఆ ఆట ఓవర్‌టైమ్ దాకా వెళ్లింది. 91-91 దగ్గర అలబామా ఆటగాడు మార్క్ సియర్స్ పొడగరుల చేతులకు అందకుండా బంతిని పైకి లేపి వదిలాడు. అది వలలో పడేసరికి సమయం అయిపోయింది. మూడు పాయింట్ల షాటన్నా వేయండి, రింగు కిందికన్నా దూసుకెళ్లండి, మధ్యలోది వద్దు అన్నది అలబామా కోచ్ నేట్ ఓట్స్ సిద్ధాంతం. ఆయన్ను ఆ రోజు గెలిపించింది ఆ మధ్యలో షాటే!

ఈ వైరానికి ఊపిరి పోసింది ఇద్దరు బయటివాళ్లు. 2014లో ఆబర్న్‌కు వచ్చిన బ్రూస్ పెర్ల్‌ది బోస్టన్. 2019లో అలబామా పగ్గాలు పట్టిన ఓట్స్ ఒకప్పుడు హైస్కూల్లో లెక్కల మాస్టారు. అంతకుముందు ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నీలో చివరి నాలుగు జట్ల దశ) ముఖమే ఎరుగని ఈ రెండు జట్లలో ఆబర్న్ 2019లోనూ 2025లోనూ, అలబామా 2024లోనూ అక్కడికి చేరాయి. ఒకరు ఎదుగుతుంటే రెండోవారు చూస్తూ ఊరుకోలేని స్థితి వచ్చింది. అసలైన వైరం అక్కడే పుడుతుంది.

ఆటగాళ్లు వేరే విశ్వవిద్యాలయానికి మారేందుకు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ పుణ్యమా అని ఆటగాళ్లు ఏటా జట్లు మారుతున్నారని, ఇక వైరానికి వేళ్లెక్కడివని కొందరి బాధ. బ్రూమ్ మోర్‌హెడ్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి, సియర్స్ ఒహాయో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మాట నిజమే. కానీ సియర్స్ పుట్టి పెరిగిందే అలబామా రాష్ట్రంలో. పోర్టల్ అతణ్ని ఇంటికి చేర్చింది.

అసలు ఈ బాధ వెనకున్నది డబ్బు. ఫుట్‌బాల్ కోచ్ నిక్ సేబన్‌కు అలబామా ఏడాదికి కోటి డాలర్లకు పైగా ఇచ్చినప్పుడు సంప్రదాయం చెక్కుచెదరలేదు. 2021లో ఆటగాళ్లు తమ పేరుతో సంపాదించుకునే వీలు రాగానే, 2025లో విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించేందుకు కోర్టు అనుమతించగానే, కళాశాల క్రీడ చచ్చిపోయిందని గగ్గోలు మొదలైంది. టిక్కెట్లు అమ్ముడయ్యేది, టీవీ ఒప్పందాలు కుదిరేది ఎవరి ఆట చూసి?

2025 సెప్టెంబరులో, సీజన్ ఇంకొన్ని వారాల్లో ఉందనగా, పెర్ల్ పదవీ విరమణ చేశారు. జట్టు ఆయన కొడుకు స్టీవెన్ చేతికి వెళ్లింది. స్టీవెన్ సమర్థుడే కావచ్చు, ఏళ్ల తరబడి తండ్రి పక్కనే పనిచేశాడు కూడా. అయితే తండ్రి కుర్చీ కొడుక్కి దక్కితే వారసత్వం, ఇరవై ఏళ్ల కుర్రాడు మెరుగైన జీతం కోసం ఊరు మారితే ద్రోహమా?