బెల్లం ముక్క, పొగ లెక్క

(శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరగా ఒక పాత ఇల్లు. ఆదివారం రాత్రి. సూర్యనారాయణకు కూడలిలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. అక్క మహాలక్ష్మి సైన్సు టీచరుగా రిటైరయింది. రిటైరయింది బడి నుంచే, పాఠం చెప్పడం నుంచి కాదు. తెర లేచేసరికి తమ్ముడి చెయ్యి బెల్లం డబ్బాలో ఉంది.)

మహాలక్ష్మి: ఒరేయ్ సూరీ, ఆ డబ్బాలోంచి చెయ్యి తియ్యి.

సూరి: తీస్తున్నానక్కా. చేతిలో ఉన్నదానితో సహా తీస్తున్నాను.

మహాలక్ష్మి: షుగరు హద్దు దాటుతోందని డాక్టరు చెప్పింది నీకేనా, పక్కింటాయనకా?

సూరి: ఇది తీపి కోసం కాదు, మందు. ఆదివారమని ఒంటిపూటే కొట్టు తెరిచాను. అయినా ఆటోలు, లారీలు వదిలిన పొగంతా నా ముక్కులోకే వచ్చింది. ఇదిగో, సాక్ష్యం.

(జేబులోంచి రుమాలు తీసి దీపం కింద పరుస్తాడు. తెల్లని గుడ్డ మీద పక్కపక్కనే రెండు నల్లని మచ్చలు. ముక్కు ఎవరిదో గుర్తుపట్టేంత స్పష్టంగా ఉన్నాయి.)

మహాలక్ష్మి: అన్నం తినే చోట పరచకు.

సూరి: పడుకోబోయే ముందు బెల్లం తింటే ఊపిరితిత్తుల్లో మసి మొత్తం కడుక్కుపోతుందట. అందులోనూ ఇది అనకాపల్లి బెల్లం.

మహాలక్ష్మి: బెల్లం ఏ గొట్టంలోకి వెళ్తుంది? పొగ ఏ గొట్టంలోకి వెళ్తుంది?

సూరి: రెండూ గొంతు దాటేగా వెళ్లాలి!

మహాలక్ష్మి: నిన్ను ఎనిమిదో తరగతి దాటించిన మాస్టారిని అనాలి.

సూరి: ఆ మాస్టారు నువ్వే. పైగా బెల్లం సంగతి నేను పుట్టించింది కాదు, శాస్త్రవేత్తలు చెప్పారు.

మహాలక్ష్మి: చెప్పారు. 1994లో, లక్నోలో, ఎలుకల మీద. వాటి ఊపిరితిత్తుల్లోకి బొగ్గు ధూళి, సిలికా ధూళి ఎక్కించి బెల్లం పెట్టి చూశారు. బెల్లం తిన్న ఎలుకల్లో ఆ ధూళి పక్కనున్న లింఫు గ్రంథులకు ఎక్కువగా చేరింది.

సూరి: అదిగో! కదిలిందా లేదా?

మహాలక్ష్మి: కదిలింది, అంతేగానీ ఒంట్లోంచి పోలేదు. ముందు గదిలో చెత్త వెనక గదిలోకి చేరింది. అది కూడా డీజిలు పొగ కాదు. నువ్వు ఎలుకవీ కాదు. డబ్బాలో చెయ్యి పెట్టే తీరు చూస్తే మాత్రం అనుమానం వస్తుంది.

(బెల్లం మీద వాదించి ఉత్తరాంధ్రలో ఎవరూ గెలవలేరని రచయిత నమ్మకం. ఈ మాటలు సాగుతుండగానే ముక్క సగం అయిపోయింది.)

సూరి: సరే, బెల్లం వదిలేశాను.

మహాలక్ష్మి: మింగేశావు.

సూరి: చేపకైనా ఒప్పుకుంటావా? చేపనూనె ఉంటే పొగ గుండె జోలికి రాదట. నూనె కవళ్లు తెచ్చుకుందాం.

మహాలక్ష్మి: అందులో కొంత నిజముంది. అమెరికాలో, నార్త్ కరొలైనాలో, 29 మందిని తీసుకుని కొందరికి రోజుకు 3 గ్రాముల చేపనూనె, మిగతావాళ్లకు ఆలివ్ నూనె నాలుగు వారాలపాటు ఇచ్చారు. తర్వాత ఒక గదిలో కూర్చోబెట్టి, బయటి గాలిలో ఉండే సన్నని ధూళిని చిక్కగా చేసి రెండు గంటలు పీల్పించారు. చేపనూనె తీసుకున్నవాళ్ల గుండె లయ అంతగా చెదరలేదు.

సూరి: రెండు గంటలు పీల్చినందుకు అంత మర్యాదా! నేను రోజంతా ఉచితంగా పీలుస్తున్నాను, ఒక్కడూ వచ్చి నాడి చూడడు. అయితే కవళ్లు...

మహాలక్ష్మి: ఆదివారం పూట నీచు పేరెత్తకు. అరసవల్లి స్వామి పేరు పెట్టుకున్నావు.

సూరి: పెట్టుకోలేదు, నాన్న పెట్టాడు. రేపు తెస్తాను.

మహాలక్ష్మి: సోమవారం శివుడిది.

సూరి: మంగళవారం?

మహాలక్ష్మి: ఆంజనేయస్వామిది.

సూరి: దేవుళ్లందరూ వంతులు వేసుకుని ఆ చేపను కాస్తున్నారన్నమాట. బుధవారం ఎవరిదో కూడా చెప్పు.

మహాలక్ష్మి: బుధవారం నీదే. పులుసు పెట్టించుకో, వేపుడు వద్దు. ఆలోగా జామకాయలు తిను. మెక్సికో నగరంలో ఉబ్బసం ఉన్న పిల్లలకు రోజూ విటమిన్ సి, విటమిన్ ఇ ఇచ్చి చూశారు. బండ్ల పొగకు ఎండ తగిలి పుట్టే ఓజోన్ వాయువు ఎక్కువగా ఉన్న రోజుల్లో కూడా వాళ్ల ఊపిరి అంతగా తగ్గలేదు.

సూరి: విటమిన్ ఇ అంటే పలాస జీడిపప్పేగా!

మహాలక్ష్మి: జీడిపప్పులో అది నామమాత్రం. అయినా ఏ పరిశోధన చెప్పినా నీకు వినిపించేది తినుబండారం పేరు ఒక్కటే.

సూరి: నీకు వినిపించేది పథ్యం పేరు ఒక్కటే. చెప్పు, ఇప్పుడు ఏ ఆకు మేయమంటావు?

మహాలక్ష్మి: చైనాలో చిడోంగ్ అనే చోట 291 మందికి 12 వారాలపాటు రోజూ బ్రోకలీ మొలకల పొడి కలిపిన పానీయం ఇచ్చారు. అనాసరసం, నిమ్మరసం కూడా కలిపారులే, లేకపోతే ఎవరు తాగుతారు? బండ్ల పొగలో ఉండే బెంజీన్ వాళ్ల మూత్రంలో 61 శాతం ఎక్కువగా బయటికి పోయింది. ఆ మొలకల నుంచి వచ్చే సల్ఫొరాఫేన్, విషాలను విరిచే ఎంజైములను ఒంట్లో తట్టి లేపుతుంది.

సూరి: మసి కూడా ఆ దారినే పోతుందా?

మహాలక్ష్మి: పోదు. బెంజీన్ లాంటి విషాల సంగతే ఇది. మసి దారి వేరు.

సూరి: బ్రోకలీ మన రైతు బజారులో ఉండదులే. బతికిపోయాను.

మహాలక్ష్మి: దాని చుట్టం ఉందిగా, క్యాబేజీ.

(సూరి ముఖం చూసి చెప్పవచ్చు, బెంజీనే నయం అనుకుంటున్నాడని.)

మహాలక్ష్మి: క్యాబేజీలో సల్ఫొరాఫేన్‌కు కావాల్సిన ముడిసరుకు తక్కువే, కాదనను. పైగా బాగా ఉడికిస్తే దాన్ని సల్ఫొరాఫేన్‌గా మార్చే ఎంజైము చచ్చిపోతుంది. అదే ఎంజైము ఆవాల్లోనూ ఉంది. ఉడికిన బ్రోకలీ మీద ఆవపొడి చల్లి పెడితే సల్ఫొరాఫేన్ ఒంటికి నాలుగు రెట్లకు పైగా అందిందని 2018లో ఇంగ్లండులో తేల్చారు. మన అమ్మ ఏం చేసేది?

సూరి: ఆవ పెట్టేది!

మహాలక్ష్మి: ఎప్పుడు పెట్టేది?

సూరి: కూర దించాక. పొయ్యి మీద ఉండగా పెడితే తిట్టేది.

మహాలక్ష్మి: అదీ! పోపులో చిటపటలాడిన ఆవాలకు ఆ పని చేతకాదు. పచ్చి ఆవాలు నానబెట్టి, మిరపకాయతో నూరి, పొయ్యి కట్టేశాక కలపాలి.

సూరి: అయితే రేపటి నుంచి ఆవ పెట్టిన క్యాబేజీ తిని, కూడలి మధ్యలో నిలబడి గుండెల నిండా పీలుస్తాను.

మహాలక్ష్మి: పీల్చు. సన్నని ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. ఆ తేడాను కూర గిన్నెతో పూడుస్తావా? రోడ్డు వారన కుర్చీ వేసుకోవడం మానేసి కొట్టు లోపల కూర్చో. ఎన్95 మాస్కు కట్టుకో.

సూరి: మాస్కు కట్టుకుంటే బేరం ఎలా ఆడను?

మహాలక్ష్మి: ఎలాగూ ఓడిపోయేదేగా!

(పొయ్యి వెలిగిస్తుంది. కాగిన నూనెలో ఎండుమిరపకాయలు పడతాయి. వంటిల్లంతా ఘాటు. సూరి ఆగకుండా దగ్గుతాడు.)

సూరి: రోడ్డు పొగకు విరుగుడు చేస్తానని ఇంట్లోనే పొగ పెట్టావు! పోపు పొగలోనూ సన్నని ధూళి ఉంటుందని పిల్లలకు నువ్వే చెప్పేదానివి. కిటికీ తెరువు!

మహాలక్ష్మి: కిటికీ తెరిస్తే ఏముంది?

సూరి: రోడ్డు.

మహాలక్ష్మి: మరి?

సూరి: (గొళ్లెం మీద చెయ్యి పెట్టి ఆలోచించి) లారీ వెళ్లాక తెరుస్తాను.

మహాలక్ష్మి: అందాకా నోరు మూసుకుని ముక్కుతో పీల్చు. ముతక ధూళినైనా ముక్కు ఆపుతుంది.

సూరి: ఇది వైద్యమా, తిట్టా?

మహాలక్ష్మి: రెండూ. ఆ డబ్బా ఇలా ఇవ్వు.