ఒకటి కొంటే ఒకటి తోడు

తిరుపతిలో ఈమధ్య ఒక్క కుక్కపిల్లను తెచ్చుకునేవారు కరువయ్యారు. బుట్టలోంచి ఒకటి తల ఎత్తిందంటే దాని వెనుకే రెండోది కూడా ఎత్తుతుంది. అడిగితే అందరిదీ ఒకటే సమాధానం: "ఒకే ఈతలో పుట్టినవండీ, పాపం, విడదీయడం ఎందుకు? ఒకదానికొకటి తోడుగా ఉంటాయి." ఆ మాట అనేటప్పుడు వారి ముఖాల్లో వెలిగే కరుణను చూస్తే గోవిందరాజస్వామి గుడి ముందు అన్నదానం చేసేవారు కూడా సిగ్గుతో గరిటె దించేయాలి.

ఇంత కరుణ ఎక్కడ పుడుతోందో విచారించడం పౌరుడిగా నా విధి. విచారించాను. అమ్మేవాడి దగ్గర పుడుతోంది. ఆరు పిల్లల్లో నాలుగు అమ్ముడై రెండు మిగిలిపోయిన క్షణాన అతనిలో సోదరప్రేమ పొంగుతుంది. "సార్, రెండోది సగం ధరకే ఇస్తాను, ఒక్కటే ఉంటే రాత్రంతా ఏడుస్తుంది" అంటాడు. ఏడుస్తుంది, నిజమే. తల్లి పక్కనుంచి తెచ్చిన ఏ పిల్లయినా కొన్ని రాత్రులు ఏడుస్తుంది. ఆ కొన్ని రాత్రులు మంచం దిగి దాని పక్కన చాప వేసుకునే ఓపిక మనకు లేదు. కాబట్టి ఆ ఉద్యోగానికి ఇంకో కుక్కపిల్లను నియమిస్తున్నాం. జీతం లేదు, సెలవు లేదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది గానీ, పాలు మరవని పిల్లకు డ్యూటీ అప్పగించేటప్పుడు వయసు ధ్రువపత్రం చూసేదెవరు?

ఈ ఊళ్ళో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. 2005లో విశ్వవిద్యాలయమే వచ్చింది. కుక్కల గురించి చదువుకున్నవారు సందుకొకరు తగులుతారు. మనం మాత్రం సలహా కోసం కుక్కను అమ్మేవాడి దగ్గరికే వెళ్తాం. సహజమే. చదువుకున్నవారు ఒకటి చాలు అంటారు.

ఎందుకంటారంటే, కుక్కపిల్ల మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా లోకాన్ని పరిచయం చేసుకుంటుంది. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పిల్లలను పెంచి, చూసి, ఈ సంగతిని 1965లో గ్రంథస్థం చేశారు. మనిషి గొంతు, మనిషి చేయి, ఆటో మోత, కుక్కర్ కూత, ఇవన్నీ భయపడాల్సినవి కావని అది ఆ వారాల్లోనే తెలుసుకోవాలి. పక్కనే తోబుట్టువు ఉంటే ఆ శ్రమ దానికెందుకు? కరవడానికి ఒక చెవి దొరికింది, పడుకోవడానికి ఒక పొట్ట దొరికింది. మనిషన్నవాడు గిన్నె మోసుకొచ్చే ఏర్పాటు మాత్రమే. కుక్కల శిక్షకులు దీనికి లిట్టర్‌మేట్ సిండ్రోమ్, అంటే ఒకే ఈత పిల్లల చిక్కు, అని పేరు పెట్టుకున్నారు. వైద్యశాస్త్రం దీన్ని రోగంగా గుర్తించలేదు, ప్రతి జంటకూ వస్తుందన్న నియమమూ లేదు. ఒప్పుకుంటాను. కానీ మా వీధిలో ఉంది.

మా వీధి చివరి మేడలో ఒక విశ్రాంత అధికారిగారు ఉంటారు. రెండు మగ లాబ్రడార్ పిల్లలను తెచ్చి, భక్తికొద్దీ లడ్డు, వడ అని పేర్లు పెట్టారు. ఏది లడ్డో ఏది వడో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. హాలులో తడి కనిపిస్తే దోషి ఎవరో తేలక రెండింటినీ తిట్టేవారు. చేయనిదానికి తిట్లెందుకో తెలియదు, చేసినదానికి తిట్లు దేనికో తెలియదు. ఆ విధంగా ఇంట్లో సమన్యాయం వెల్లివిరిసింది.

నాలుగు నెలలు నిండి టీకాలు పూర్తయ్యాక ఎవరో పుణ్యాత్ములు చెప్పారు: రెండింటినీ విడివిడిగా తిప్పాలి, విడివిడిగా పడుకోబెట్టాలి, విడివిడిగా నేర్పాలి అని. సలహా బంగారం. అధికారిగారు ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు నడిపిన మనిషి కాబట్టి వెంటనే పట్టిక గీసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. లడ్డుకు ఉదయం ఐదున్నర, వడకు ఆరుంపావు. సర్వదర్శనం టోకెన్లలాగా ఎవరి సమయం వారిది, ముందు వచ్చినా లోపలికి రానివ్వరు.

మొదటి ఉదయం లడ్డు గేటు దాటింది. లోపల వడ గొంతెత్తింది. ఆ రాగం వినగానే లడ్డు రోడ్డు మీద కూర్చుండిపోయింది. అధికారిగారు బతిమాలారు, బెదిరించారు, ఇంగ్లీషులో ఆజ్ఞాపించారు. పాల ప్యాకెట్ల కుర్రవాడు వెనుకనుంచి తోసి చూశాడు. లడ్డు మోకాలడ్డలేదు, పడుకుంది.

మర్నాడు వ్యూహం మారింది. లడ్డును అయ్యగారు ముందు గేటు నుంచి, వడను అమ్మగారు వెనుక సందు నుంచి ఒకే నిమిషంలో బయటికి తీశారు. ఇద్దరూ ప్రయాణంలోనే ఉన్నారు కాబట్టి ఎవరూ ఏడవరని లెక్క. లెక్కలో తప్పు లేదు. ఆ రెండు దారులూ నీళ్ళ ట్యాంకు దగ్గర కలుస్తాయన్నదే ఎవరికీ గుర్తు రాలేదు. కలిశాయి. మూడు నిమిషాల ఎడబాటు తరువాత తోబుట్టువులు కలుసుకున్న ఆ ఘట్టాన్ని వర్ణించడానికి నా కలం చాలదు. అవి అయ్యగారి చుట్టూ ప్రదక్షిణలు చేశాయి, ఒకటి కుడినుంచి, ఒకటి ఎడమనుంచి. తాళ్ళు మోకాళ్ళ దాకా చుట్టుకున్నాయి. అప్పుడే తమిళనాడు బండి ఒకటి ఆగి, అందులోని పెద్దాయన అలిపిరికి దారి అడిగారు. చేతులు రెండూ తాళ్ళలో ఉన్నందువల్ల అధికారిగారు గడ్డంతో ఉత్తరం చూపించారు. పెద్దాయన కళ్ళకద్దుకుని వెళ్ళారు. ఇదేదో మొక్కు అనుకున్నట్టున్నారు.

మూడో వ్యూహం కోడలిగారిది. లడ్డు అరుపును ఫోనులో రికార్డు చేసి, అది షికారుకు వెళ్ళినప్పుడు వడకు వినిపించారు. లడ్డు ఫోను లోపల ఉందని వడకు అర్థమైంది. బయటికి తీయడానికి ప్రయత్నించింది. పిల్ల కుక్కకు ఇరవై ఎనిమిది పాలపళ్ళు ఉంటాయి, సూదుల్లాంటివి. ఫోను కొత్తదట. ఆ సాయంత్రమే పట్టికను ఫ్రిజ్ నుంచి పీకేశారు. "అవి రెండూ హాయిగా ఉన్నాయండీ, మనమెందుకు మధ్యలో" అని తేల్చారు. అప్పటినుంచి పెరట్లో అవి, హాలులో సీరియళ్ళు.

ఏడాది తిరిగేసరికి రామలక్ష్మణులు వాలిసుగ్రీవులయ్యారు. ఒకే వయసు, ఒకే లింగం, ఒకే బలం ఉన్న తోబుట్టువులు యవ్వనం వచ్చాక పెత్తనానికి కొట్టుకోవడం శిక్షకులు మొత్తుకునే ముచ్చటే. ముందు గిన్నె దగ్గర, తరువాత గుమ్మం దగ్గర, తరువాత ఏ కారణమూ లేకుండా. విడదీయబోయిన అధికారిగారి చేతికి కుట్లు పడ్డాయి. ఆ వారంలోనే లడ్డు కనిపించకుండా పోయింది.

"పొలం ఉన్న స్నేహితుడికి ఇచ్చాం. అక్కడ హాయిగా పరుగెడుతోంది" అన్నారు. ఈ పొలం నాకు బాగా తెలుసు. ఊళ్ళో కుక్కలను వదిలించుకున్న ప్రతి కుటుంబానికీ అక్కడే ఒక స్నేహితుడు ఉంటాడు. దానికి కంచె ఉండదు, బావి ఉండదు, రైతు ఉండడు. అది కరకంబాడి రోడ్డు పక్కన చీకట్లో ఉంటుంది. కారు ఆపి, వెనుక తలుపు తెరిచి, ఎవరూ ఆనవాలు పట్టకుండా మెడలో బెల్టు విప్పి, తలుపు వేసుకుని వచ్చేయడమే అక్కడి వ్యవసాయం.

అయ్యా, ఒక్క మాట. వ్యంగ్యం కాసేపు పక్కన పెడతాను. తోబుట్టువు లేకుండా ఒక్క గంట గడపడం ఆ జంతువుకు మీరు నేర్పలేదు. మనిషిని నమ్మడం నేర్పలేదు. రోడ్డంటే ఏమిటో చూపించలేదు. ఈ మూడూ రాని ప్రాణిని ఏరికోరి ఆ మూడింటి మధ్యే దింపి వచ్చారు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని పడుకున్నారు. నిద్ర పట్టిందా?

పట్టే ఉంటుంది. భయపడాల్సిందేమీ లేదు కదా. పెంపుడు జంతువును దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ కింద నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా పది రూపాయలకు తగ్గకూడదు, యాభైకి మించకూడదు. అరవై ఏళ్ళు దాటినా ఆ అంకెను కదిలించే తీరిక ఎవరికీ దొరకలేదు. కొండ మీద ఒక లడ్డు కొనుక్కోవాలన్నా యాభై రూపాయలే.

వడ ఇప్పుడు మేడ మీద ఉంది. పగలంతా అరుస్తోందని అక్కడ కట్టేస్తున్నారు. మే నెలలో, తిరుపతిలో, నలభై దాటిన ఎండలో, మేడ మీద. నీళ్ళ గిన్నె పెట్టారా అని గోడ మీదనుంచి అడిగాను. పెట్టామన్నారు, అది తన్నేసుకుందట. తప్పు దానిదే.

నిన్న అధికారిగారే పిలిచి శుభవార్త చెప్పారు. వడ బెంగ పెట్టుకుందని ఇంట్లో అందరికీ జాలిగా ఉందట. ఇంకో పిల్లను మాట్లాడారట. ఈసారి అనుభవం వచ్చింది కాబట్టి ఆడపిల్లను తెస్తున్నారట, ఆడామగా అయితే కొట్లాటలు ఉండవని అమ్మేవాడు హామీ ఇచ్చాడట. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తారా అని అడిగాను. "పాపం, మూగజీవాలకు కోతలెందుకండీ" అన్నారు. కుక్కకు గర్భం సుమారు అరవై మూడు రోజులు. ఒక్కో ఈతకు లాబ్రడార్ ఆరేడు పిల్లలను పెట్టడం మామూలే. వాటిని కూడా జతలుగానే ఇస్తారట, విడదీస్తే పాపమని.